పది సెకన్లకే కళ్లు మూసుకునే కెమెరాలు

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడ్డాయి. ఇంటికి తాళం వేసి ఊరికి పోయేవాళ్లు, ఉక్కపోతకు మిద్దె మీద పక్కలు వేసుకునేవాళ్లు ఎక్కువయ్యే రోజులివి. సీసీ కెమెరా ఉందిలే అన్న ధీమాతోనే చాలామంది గడప దాటుతారు. తీరా ఏదైనా జరిగాక వీడియో తీసి చూస్తే, ఒక మనిషి గేటు దాకా నడిచి రావడం కనబడుతుంది. ఆ తర్వాత తెర మీదికి వచ్చేది తెల్లవారుజామున పాలవాడు. నడుమ ఏం జరిగిందో హార్డ్ డిస్కులో ఉండదు. కెమెరా బాగానే ఉంటుంది, కరెంటూ ఉంటుంది, డిస్కులో చోటూ ఉంటుంది. కదలిక కనిపించినప్పుడే రికార్డు చేసేలా పెట్టిన కెమెరా అది, కదలిక ఆగాక ఎన్ని సెకన్లు రికార్డు చేయాలన్న అంకె మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండిపోయి ఉంటుంది.

కెమెరా కొనేవాళ్లు మెగాపిక్సెళ్లు ఎన్నని అడుగుతారు, రాత్రిపూట రంగుల్లో కనిపిస్తుందా అని అడుగుతారు, ఫోన్లో వస్తుందా అని అడుగుతారు. ఈ అంకె సంగతి అడగరు. బిగించేవాళ్లం మేమూ చాలాసార్లు చెప్పం. బొమ్మ వచ్చిందా, ఫోన్లో యాప్ పడిందా, డబ్బులు తీసుకుని బండెక్కామా అన్నట్టే సాగుతోంది పని. ఆ తప్పులో మా వాటా ఒప్పుకుంటూనే, మీ పాఠకులు ఇంట్లో తామే సరిచేసుకోగల విషయాలు కొన్ని రాస్తున్నాం.

ముందు డీవీఆర్, అంటే కెమెరాల బొమ్మను హార్డ్ డిస్కులో రికార్డు చేసే పెట్టె, కదలికను ఎలా కనిపెడుతుందో తెలియాలి. అది తెరను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టుకుంటుంది. చాలా మోడళ్లలో అడ్డంగా 22, నిలువుగా 18, మొత్తం 396 గళ్లు. ఒక ఫ్రేముకూ (వీడియోలోని ఒక్కో బొమ్మ) తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏ గడిలో వెలుగు మారిందో చూసుకుంటుంది. తగినన్ని గళ్లు మారితే మోషన్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అక్కడున్నది మనిషా, కుక్కా, ఆరేసిన చీరా అన్నది దానికి పట్టదు.

ఇప్పుడు తాళం పగలగొట్టే మనిషిని చూడండి. గేటు తీసుకుని నడిచి వస్తున్నంతసేపు ముప్పై నలభై గళ్లు కదులుతాయి, రికార్డింగ్ బ్రహ్మాండంగా సాగుతుంది. తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడా, వీపు కదలదు, తల కదలదు. కదిలేది ఒక్క మణికట్టు. ఇరవై అడుగుల దూరంలో, చూరు కింద ఉన్న కెమెరాకు ఆ మణికట్టు ఒకటో రెండో గళ్లు. పైగా వీపు దానికి అడ్డం. ఇక్కడ ఎవరూ లేరని డీవీఆర్ తేల్చుకుంటుంది, ఫ్యాక్టరీ లెక్క ప్రకారం పది సెకన్లు ఆగి రికార్డింగ్ కట్టేస్తుంది. గొళ్లెం ఊడదీయడానికి రెండు మూడు నిమిషాలు పట్టిందనుకోండి, అదంతా చీకటే. అతను లేచి లోపలికి అడుగు పెట్టినప్పుడు మళ్లీ రికార్డింగ్ మొదలవుతుంది, నాలుగు సెకన్ల వీడియోలో ఒక మడమ కనిపిస్తుంది. పోలీసు స్టేషన్‌కు పట్టుకెళ్లేది ఆ మడమనే.

దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. డీవీఆర్‌కు మౌస్ పెట్టి కుడివైపు బటన్ నొక్కితే మెయిన్ మెనూ వస్తుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. అది బిగించినవాళ్ల దగ్గరే ఉండిపోయిందంటే ఈ రోజే అడిగి తీసుకోండి, మీ ఇంటి డీవీఆర్ పాస్‌వర్డ్ మీది. ఈవెంట్ లేదా అలారం అన్న చోట వీడియో డిటెక్షన్, అందులో మోషన్ డిటెక్ట్ తెరవండి. అక్కడ కెమెరా నంబరు ఎంచుకుంటే ‘డిలే’ అనో ‘పోస్ట్ రికార్డ్’ అనో ఒక గడి ఉంటుంది. కొన్ని కంపెనీలవాటిలో అది 10 నుంచి 300 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మరికొన్నింటిలో 5 సెకన్లతో మొదలై 10 నిమిషాల దాకా పోతుంది. ఇంటి గేటుకూ ముందు తలుపుకూ 60 సెకన్లకు తక్కువ పెట్టకండి. పెరటి తలుపుకైతే 120 పెట్టమంటాం. ఆ వైపు మనుషుల రాకపోకలు తక్కువ, ఎవరైనా వచ్చారంటే తీరిగ్గా పనిచేసుకునే చోటు కూడా అదే.

దాని పక్కనే ‘యాంటీ డిథర్’ అని ఇంకో అంకె ఉంటే దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. వెంటవెంటనే వచ్చే కదలికలను ఒకే ఘటనగా లెక్కించడానికది. 5 సెకన్లు ఉంటే 20, 30 చేయండి. ముక్కలు ముక్కలుగా వచ్చే వీడియో ఒకే పొడుగు ముక్కగా వస్తుంది, తర్వాత వెతుక్కోవడం తేలిక.

వెనక సెకన్లు ఎంత ముఖ్యమో ముందు సెకన్లూ అంతే. ప్రీ రికార్డ్ అన్నది స్టోరేజ్ మెనూలో షెడ్యూల్ పేజీలో ఉంటుంది. కదలిక మొదలవడానికి ముందు జరిగినదాన్ని డీవీఆర్ తన మెమరీలో కొన్ని సెకన్లు పట్టి ఉంచుతుంది, మోషన్ రాగానే దాన్ని కూడా డిస్కులోకి దించుతుంది. 4 సెకన్లు ఉన్నదాన్ని 10 చేస్తే, మనిషి ఏ వైపు నుంచి వచ్చాడో, బండి ఎక్కడ ఆపాడో తెలుస్తుంది. ముఖం నేరుగా కెమెరాకు దొరికేది కూడా తరచుగా ఆ మొదటి సెకన్లలోనే.

అంకెలన్నీ మార్చినా రికార్డు కాలేదంటే కింది వాటిలో ఒకటి జరిగి ఉంటుంది. మోషన్ పేజీలో ‘రికార్డ్ ఛానెల్’ ఎదుట టిక్కు ఉండదు. డీవీఆర్ కదలికను గమనిస్తుంది, ఫోన్‌కు చెబుతుంది, రాసిపెట్టుకోదు. లేదా షెడ్యూల్ పట్టీలో మోషన్ రంగు పూయకుండా వదిలేసి ఉంటారు. ఒక రకం డీవీఆర్‌లలో పచ్చరంగు ఎప్పుడూ రికార్డు చేయడానికి, పసుపు మోషన్‌కు. ఇతర కంపెనీల రంగులు వేరుగా ఉంటాయి, పట్టీ పక్కనే ఏ రంగు దేనికో రాసి ఉంటుంది. ఆదివారానికి వేరే పట్టీ ఉంటుందని మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. లేదా రికార్డ్ మోడ్ ‘ఆటో’లో కాకుండా ‘స్టాప్’లో ఉంటుంది. ఇవేవీ కాదంటే, అప్లై నొక్కకుండా బయటికి వచ్చేశారు. నవ్వకండి, మాలోనూ జరిగేదే. ఒక కెమెరాకు సరిచేశాక ‘కాపీ’ నొక్కి మిగతావాటికి దించుకోవచ్చు. ఒక్క గళ్ల పటం మాత్రం ఏ కెమెరాకు ఆ కెమెరాకే గీసుకోవాలి.

ఇక డిస్కు నిండిపోతుందన్న భయం. సెకన్లు పెంచమంటే ఇంటాయన మొదట అడిగేది ఇదే. లెక్క తేలికే. బిట్‌రేటు అంటే సెకనుకు ఎంత వీడియో డేటా రాస్తుందన్నది, దాన్ని ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు)లో చెబుతారు. 1 ఎంబీపీఎస్ బిట్‌రేటులో ఒక కెమెరా రోజంతా ఆగకుండా రికార్డు చేస్తే 10.8 జీబీ అవుతుంది. 2 ఎంబీపీఎస్ అయితే 21.6 జీబీ. నాలుగు కెమెరాలు 2 ఎంబీపీఎస్‌లో ఎడతెగకుండా నడిస్తే రోజుకు 86.4 జీబీ, అంటే 1 టీబీ డిస్కు పదకొండున్నర రోజులకు నిండి పాతదాని మీద కొత్తది రాసుకోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు మోషన్ లెక్క చూడండి. 2 ఎంబీపీఎస్‌లో ఒక నిమిషం వీడియో 15 ఎంబీ. గేటు ముందు రోజుకు వంద సార్లు కదలిక వచ్చి ప్రతిసారీ నిమిషం చొప్పున రికార్డయినా 1.5 జీబీ. నాలుగు వందల సార్లు వచ్చినా 6 జీబీ. పది సెకన్లను అరవై చేసినందుకు డిస్కు కుంగిపోదు.

మమ్మల్నడిగితే గేటు, పెరటి తలుపు కెమెరాలను అసలు మోషన్ మీద వదలొద్దంటాం. ఆ రెండింటినీ ఇరవై నాలుగు గంటలూ రికార్డులో పెట్టి, పార్కింగూ మిద్దె మెట్లూ మోషన్‌లో పెట్టుకోండి. రోజుకు 43.2 జీబీ ఆ రెండింటికి, మిగతా రెండింటికీ కలిపి మహా అయితే 12. 1 టీబీలో పద్ధెనిమిది రోజులు వస్తుంది. వీడియోను కుదించే పద్ధతి ఎంచుకునే ఎన్‌కోడ్ సెట్టింగులో హెచ్ 264 ఉన్నదాన్ని హెచ్ 265 చేసి బిట్‌రేటు తగ్గిస్తే దాదాపు అదే నాణ్యతకు సగం చోటు చాలు. సెకనుకు ఫ్రేములు 25 అక్కర్లేదు, ఇంటికి 12 నుంచి 15 సరిపోతాయి. అయితే బిట్‌రేటును మరీ పిండితే రాత్రి చీకట్లో ముఖం గళ్లు గళ్లుగా అయిపోతుంది. రోజులు పెరగాలని ముఖం పోగొట్టుకోవడం ఎందుకు? 1 టీబీ డిస్కు డీవీఆర్ తెర మీద 931గా కనిపిస్తే మోసపోయామనుకోకండి, వెయ్యితో లెక్కపెట్టడానికీ 1024తో లెక్కపెట్టడానికీ ఉన్న తేడా అది. కంప్యూటర్లో తీసేసిన పాత డిస్కు మాత్రం వేయించుకోవద్దు. రాత్రింబగళ్లు రాయడానికే చేసిన సర్వైలెన్స్ డిస్కులు వేరే ఉన్నాయి. డీవీఆర్‌ను గాలాడని అటక మీద, ఇన్వర్టర్ బ్యాటరీ నెత్తిన పెట్టినా డిస్కు వేడికి తొందరగా పోతుంది.

మన జిల్లాల్లో అసలు చిక్కు వేరే ఉంది, అది దొంగ కదలిక గురించి కాదు, దొంగ కాని కదలికల గురించి. పెన్నా కింద వరి పండే ఊళ్లలో చీకటి పడ్డాక దీపపు పురుగులు కమ్ముకొస్తాయి. తొలకరి జల్లు పడితే ఉసిళ్లు. చీకట్లో చూడటానికి కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాల ముందు ఎగిరే ఒక్క పురుగు అద్దానికి అంగుళం దూరంలో ఉంటుంది కాబట్టి తెర మీద కాకి అంత తెల్లగా మెరుస్తుంది. దాన్ని తినడానికి బల్లి వస్తుంది. సాలీడు అద్దానికి అడ్డంగా గూడే కడుతుంది, గాలికి ఆ పోగు ఊగినప్పుడల్లా మోషన్. రాత్రంతా ఫోన్ మోగుతుంది. విసిగిపోయి ఇంటాయన సెన్సిటివిటీ (ఎంత సన్నటి మార్పును పట్టాలన్న అంకె) తగ్గిస్తాడు, లేదా నోటిఫికేషన్‌తో పాటు మోషన్ డిటెక్షనే తీసేస్తాడు. పురుగుల పోరు పోతుంది, దానితో పాటే దొంగ మణికట్టు కూడా లెక్కలోంచి పోతుంది. ఫుటేజీ తెగిపోయిందని వచ్చే ఇళ్లలో సెన్సిటివిటీ ఇలా అడుగంటి ఉండటం మామూలు.

చేయాల్సింది ఏమిటంటే, పురుగులను కెమెరా దగ్గర నుంచి మళ్లించాలి. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలను మెనూలో ఆపేసి, నాలుగైదు అడుగుల అవతల ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వేసి ఉంచితే పురుగులు దాని చుట్టూ చేరతాయి, కెమెరా ముందు ఖాళీగా ఉంటుంది. బల్బు వెలుగులో చొక్కా రంగు కూడా తెలుస్తుంది. బూజును పదిహేను రోజులకొకసారి పొడి కుంచెతో దులపండి. తడిగుడ్డతో అద్దం తుడిస్తే ఉప్పుగాలి పేరుకున్న చోట మరకలు పడి రాత్రికి పొగమంచులా కనిపిస్తుంది. ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాత కళ్లద్దాలు తుడిచే గుడ్డతో అద్దండి. వేపనూనె పూస్తే సాలీడు రాదని కొందరు పూస్తున్నారు, అద్దానికి మాత్రం తగలనీయకండి.

గళ్ల పటాన్ని చేత్తో దిద్దుకోవడం అన్నిటికన్నా లాభం. మోషన్ పేజీలో ‘రీజియన్’ తెరిస్తే కెమెరా బొమ్మ మీద గళ్లు పరుచుకుంటాయి. కొబ్బరిమట్ట ఊగే చోటు, బట్టలు ఆరేసే తీగ, రోడ్డు మీద బండ్ల హెడ్‌లైట్లు పడే గోడ, వీటి మీది గళ్లు చెరిపేయండి. గేటు కొక్కెం, తలుపు, మెట్లు, కిటికీలు ఉన్న గళ్లు మాత్రం ఉంచండి. కొన్ని డీవీఆర్‌లు ఒకే కెమెరాకు నాలుగు ప్రాంతాలు వేరువేరుగా గీసుకోనిస్తాయి. అప్పుడు తలుపు చుట్టూ ఉన్న చిన్న ప్రాంతానికి సెన్సిటివిటీ 80 దాకా, థ్రెషోల్డ్ 1 లేదా 2కు, ముంగిలికి సెన్సిటివిటీ 50 ప్రాంతానికి పెట్టి చూడండి. సెన్సిటివిటీ అంటే ఎంత సన్నటి మార్పును పట్టాలన్నది. థ్రెషోల్డ్ అంటే ఎంత మేర కదిలితే లెక్కలోకి తీసుకోవాలన్నది. ఒకటి పెరగాలి, రెండోది తగ్గాలి. రెండూ పెంచేసి పని చేయలేదనేవాళ్లే ఎక్కువ.

ట్యూబులైటు వెలిగినంతసేపు మోషన్ వస్తూనే ఉందంటే కెమెరా మెనూలో 60 హెర్ట్జ్ ఉందేమో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. తేడా ఉంటే తెర మీద చారలు కిందికీ పైకీ పాకుతుంటాయి, డీవీఆర్ వాటినీ కదలిక అనుకుంటుంది.

కొత్త డీవీఆర్‌లలో, వైఫై కెమెరాలలో మనిషినీ బండినీ గుర్తుపట్టే సదుపాయం ఉంది. మంచిదే, కానీ వాడే తీరులో ఒక పొరపాటు జరుగుతోంది. మనిషి కనిపిస్తేనే రికార్డు చేయమని పెడుతున్నారు. దుప్పటి కప్పుకున్నవాణ్ని, గోడవారగా వంగి పాకేవాణ్ని, గొడుగు కింద సగమే కనిపించేవాణ్ని ఆ సాఫ్ట్‌వేర్ మనిషిగా లెక్కించకపోవచ్చు. ఏ కదలిక వచ్చినా రికార్డు చేయమనండి, మనిషి అనిపిస్తేనే ఫోన్‌కు చెప్పమనండి. రెండూ వేరువేరు టిక్కులు. డిస్కుకు పురుగు వల్ల వచ్చిన బరువేమీ లేదు, నిద్ర చెడేది మీకు.

బ్యాటరీతో నడిచే కెమెరాల కథ వేరు. అవి ఎప్పుడూ నిద్రలో ఉంటాయి. లోపల పీఐఆర్ అనే వేడిని పట్టే సెన్సర్ ఒకటి మేలుకుని ఉండి, మనిషి ఒంటి వేడి కదిలినప్పుడు కెమెరాను లేపుతుంది. లేచి రికార్డు మొదలుపెట్టేసరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. చాలావాటిలో ప్రీ రికార్డ్ అన్న మాటే ఉండదు. యాప్‌లో ‘క్లిప్ లెంగ్త్’ 10, 15 సెకన్లు ఉంటుంది, దాన్ని 60కో, ఉంటే 120కో పెంచాలి. దాని కన్నా ముఖ్యమైనది ‘రీట్రిగ్గర్’ లేదా ‘కూల్ డౌన్’. ఒక క్లిప్ అయ్యాక కెమెరా ఎంతసేపు మళ్లీ లేవకుండా ఉండాలన్నది అది. క్లిప్ 15 సెకన్లు, విరామం ఒక నిమిషం ఉందంటే ప్రతి 75 సెకన్లలో 60 సెకన్లు కెమెరా గుడ్డిదే. విరామాన్ని యాప్ ఒప్పుకున్నంత తక్కువకు దించండి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, తప్పదు. గేటు పక్కన ప్లగ్ పాయింటు ఉన్నవాళ్లు బ్యాటరీ కెమెరా కొనడమెందుకో మాకు అర్థం కాదు. పాయింటు లేనివాళ్లు చిన్న సోలార్ పలక తగిలించుకుని దక్షిణం వైపు వాల్చి పెట్టుకోవచ్చు.

ఈ పీఐఆర్ సెన్సర్‌కు మన ఎండలతో సరిపడదు. ఒంటి వేడికీ వెనకాల గోడ వేడికీ తేడా ఉంటేనే అది మనిషిని పడుతుంది. చర్మం వేడి 33, 34 డిగ్రీలు. రోహిణీ కార్తెలో నెల్లూరు గోడ సాయంత్రానికి కూడా ఆ వేడి దగ్గరే ఉంటుంది. గోడా మనిషీ దానికి ఒకటే అయిపోతారు. చలికాలంలో పాతిక అడుగుల నుంచి పట్టే కెమెరా మే నెలలో పది అడుగుల దాకా వస్తే గాని లేవకపోవచ్చు. దాన్ని పడమటి ఎండ పడే గోడకు ఎదురుగా పెట్టకండి. ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మనిషి కెమెరా వైపు నేరుగా నడిచి వచ్చేలా కాక, దాని ముందు అడ్డంగా దాటేలా బిగించండి. పీఐఆర్ అడ్డంగా పోయే వేడిని బాగా పడుతుంది, ఎదురొచ్చేదాన్ని ఆలస్యంగా పడుతుంది.

ప్లగ్‌కు పెట్టే వైఫై కెమెరాలకు ఈ బాధ లేదు. మెమరీ కార్డు వేసి, యాప్‌లో ‘ఈవెంట్ రికార్డింగ్’ నుంచి ‘కంటిన్యూయస్’కు మార్చేస్తే సెకన్ల గొడవే ఉండదు. 128 జీబీ కార్డులో 2 ఎంబీపీఎస్‌తో ఐదున్నర రోజులకు పైగా వస్తుంది. కార్డు మాత్రం ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసి ఉన్నదే కొనండి. ఫోన్లలో వేసే మామూలు కార్డు రోజూ చెరిపి రాసే పనికి తట్టుకోదు, కొన్ని నెలలకు చప్పుడు లేకుండా రాయడం మానేస్తుంది. బొమ్మ లైవ్‌లో వస్తూనే ఉంటుంది కనుక తెలియదు. సంతలో చవగ్గా దొరికే 256 జీబీ కార్డుల్లో నిజానికి 32 జీబీయే ఉండటం కద్దు. కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి చదివిస్తే గుట్టు బయటపడుతుంది. కొత్త కార్డును కెమెరా యాప్‌లోంచే ఫార్మాట్ చేయండి. ఇంకో సంగతి, అందేంత ఎత్తులో కెమెరా ఉంటే దొంగ కెమెరాతో పాటు కార్డునూ పట్టుకుపోతాడు. అలాంటి చోట క్లౌడ్‌లోకి గాని, ఇంట్లో ఉన్న ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ ద్వారా రికార్డు చేసే పెట్టె) లోకి గాని రెండో నకలు పోయే ఏర్పాటు ఉండాలి. క్లౌడ్‌కు ఇంటర్నెట్ కావాలి, రూటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా నడుస్తుంది.

కరెంటు అన్నాం కనుక, వీడియో నడుమ నడుమ తెగడానికి సెట్టింగులకు సంబంధం లేని కారణం ఇంకోటి చెప్పాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో వీడియో తీగకుండే బీఎన్‌సీ పిన్నుకూ కరెంటు తీగకుండే డీసీ పిన్నుకూ ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుము పడుతుంది. పగలు పనిచేసిన కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, చిలుము పట్టిన పిన్ను, సన్నటి తీగ ఆ కరెంటును అందించలేవు. 12 వోల్టులు పది పదిన్నరకు పడిపోయి కెమెరా ఆగి మళ్లీ లేస్తుంది, నిమిషానికోసారి ఇదే తంతు. పగలు మల్టీమీటర్ పెట్టి బాగానే ఉందని తేల్చకూడదు. చీకటి పడ్డాక, దీపాలు వెలుగుతుండగా, కెమెరా దగ్గరి కొసలో చూడాలి. 11 వోల్టులకు తగ్గితే పిన్నులు కోసి కొత్తవి వేయించి, కీళ్లను నీళ్లు చొరని పెట్టెలో పెట్టించండి. కేబుల్ రాగిది కాక అల్యూమినియం మీద రాగి పూత ఉన్నదైతే, దూరం ఎక్కువైతే, కెమెరా దగ్గరే వేరే అడాప్టర్ పెట్టుకోవడం మేలు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయిన క్షణంలో డీవీఆర్ ఆగి మళ్లీ లేస్తోందంటే ఇన్వర్టర్ వెనక ఉన్న మీటను యూపీఎస్ వైపు మార్చి చూడండి. డీవీఆర్ మళ్లీ లేవడానికి పట్టే ఒకటి రెండు నిమిషాలు తక్కువేమీ కాదు.

ఇవన్నీ అయ్యాక పరీక్ష చేయాలి, బిగించినవాళ్లకు మిగతా డబ్బు ఇచ్చేముందే. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఒకరిని గేటు బయటి నుంచి నడిచి రమ్మనండి. తలుపు ముందు కూర్చుని, ఒంటిని కదిలించకుండా, ఒక్క చేత్తో తాళాన్ని మూడు నిమిషాలు అటూ ఇటూ తిప్పమనండి. తర్వాత వెళ్లిపొమ్మనండి. ప్లేబ్యాక్‌లో మూడు నిమిషాలూ ఒకే ముక్కగా ఉండాలి. తెగిందంటే ఏ నిమిషంలో తెగిందో చూసి డిలే పెంచండి, లేదా తలుపు దగ్గరి గళ్లకు సెన్సిటివిటీ పెంచండి. ఇదే పరీక్ష మిట్టమధ్యాహ్నం ఒకసారి, దుప్పటి కప్పుకుని ఒకసారి. వర్షం పడే రాత్రి ఇంకోసారి చేస్తే ఇంకా మంచిది, ఈశాన్య రుతుపవనాల వానల్లో చినుకులు కూడా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు మెరుస్తాయి. బిగించినవాళ్లను బిల్లు మీద ప్రీ రికార్డ్ ఎంత, పోస్ట్ రికార్డ్ ఎంత, బిట్‌రేటు ఎంత, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది అన్న నాలుగు అంకెలు రాయించి సంతకం చేయమనండి. రాయనంటే వేరే వాళ్లను చూసుకోవచ్చు.

నిలవ రోజుల గురించి చట్టం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చర్యల అమలు చట్టం, 2013లో వచ్చింది. వందమందికి పైగా జనం చేరే వాణిజ్య సంస్థల వంటివి కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలన్నది అందులోని నియమం. ఇళ్లకు అది వర్తించదు. కల్యాణ మండపాలు, పెద్ద దుకాణాలు నడిపేవాళ్లు మోషన్ రికార్డింగ్ పెట్టుకుని రోజులు లెక్కేసుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఘటన జరిగాక చేసే పొరపాట్లు ఇంకా బాధాకరం. ముందు డీవీఆర్ గడియారం చూడండి. లోపలి నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ 2000 సంవత్సరానికి పోతుంది, ఆ రాత్రి వీడియో వేరే తేదీ కింద దాక్కుంటుంది. లేదనుకుని వదిలేయకుండా పాత తేదీల్లోనూ వెతకండి. గడియారం తప్పుగా ఉంటే సరిచేయకముందే, తెర మీది సమయం, పక్కన ఫోన్లో సమయం రెండూ పడేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకునే సదుపాయం) ఆన్ చేసి, టైమ్ జోన్ జీఎంటీ ప్లస్ 5.30 పెడితే గడియారం తనే సరిచేసుకుంటుంది. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఘటనకు ముందు అరగంట, తర్వాత అరగంట కలిపి తీయండి. డీవీఆర్ సొంత ఫార్మాట్‌లో ఒక కాపీ, ఎంపీ4లో ఒక కాపీ. తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం దర్యాప్తుకు ఆధారమవుతుందేమో గాని కోర్టుకు చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే సంకేతం) కూడా రాయాలి. కాపీ తీయడం చేతకాకపోతే, తెలిసినవాళ్లు వచ్చేదాకా రికార్డ్ మోడ్‌ను ‘స్టాప్’లో పెట్టండి. డిస్కు నిండి ఉన్న డీవీఆర్ ప్రతి గంటా ఒక పాత గంటను తుడిచేస్తూనే ఉంటుంది. కాపీ చేతికొచ్చాక మళ్లీ ‘ఆటో’లో పెట్టడం మరిచిపోకండి.

ఇట్లు,
కొందరు సీసీ కెమెరా టెక్నీషియన్లు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.